వృత్తి, జీతము, బహుమానము
శ్రీశైలమునుండి ఆకాశవాణి వరకు వాచకుని వేతన విచారము

ఒకరు పలుకగా పదుగురు కూర్చుండి వినుట మన దేశమున నేటి వాడుక కాదు. పురాణము చెప్పువారు, హరికథ చెప్పువారు, బుర్రకథకులు, జంగములు తమ కంఠమునే ఆధారముగా జేసికొని బ్రతికినవారు. రేడియోలోను టెలివిజన్‌లోను నేడు వినవచ్చు వ్యాఖ్యాతలు ఆ వరుసలో చివర జేరినవారే గాని పూర్వపరంపర లేనివారు కారు. ఐతే వీరిలో కొందరికి ముట్టుచున్న పెద్ద మొత్తములు న్యాయములా కావా యను ప్రశ్న నేడు తరచుగా వినవచ్చుచున్నది. దీనికి లోకము సామాన్యముగా రెండు సమాధానములు చెప్పును. జనులు విందురు గావున ఎంతయైనను ఇయ్యవచ్చునని కొందరు, మాటలాడుటకు ఇంత ధనమేల యని మరికొందరు. ఈ రెండును తొందరపాటు మాటలే యని మా తలంపు. వాచకునికి ఇచ్చునది దేనికొరకు ఇచ్చుచున్నామో తేల్చుకొనక, ఎంత ఇయ్యవలయునో తేల్చుట సాధ్యము కాదు.

ఈ విచారమునకు మేము శ్రీశైల క్షేత్రమును ఆధారముగా గ్రహించితిమి. పాటయు, జనసమూహమును, ధర్మకర్తల దానమును ఒక్కచోట కూడిన క్షేత్రమది. పాటను గూర్చి కావ్యము చెప్పును. దారిని, మెట్లను, మండపములను గూర్చి శాసనములు చెప్పును. ఈ రెంటిని కలిపి చదివిననే గాని వాచకుని కథ పూర్తి గాదు.

1. శివరాత్రి జనసమూహము

క్రీ.శ. 13వ శతాబ్దివాడని పెక్కురు విమర్శకులు నిర్ణయించిన పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రమును దీక్షా, పురాతన, వాద, మహిమ, పర్వత ప్రకరణములుగా ఐదింట విభజించెను. కడపటిదైన పర్వత ప్రకరణము శ్రీశైలమును, శివరాత్రి యాత్రను వర్ణించునది. అందు తుమ్మెదపదములు, ప్రభాతపదములు, పర్వతపదములు, ఆనందపదములు, శంకరపదములు, నివాళిపదములు, గొబ్బిపదములు, వెన్నెలపదములు మున్నగు పాటల పేర్లు కలవు. ఆటలును, వాద్యములును, తోలుబొమ్మల ప్రస్తావనయు కలవు. తెలుగు దేశీ వాఙ్మయ చరిత్ర వ్రాయువారందరును ఈ ప్రకరణమును ఆశ్రయించుచునే యున్నారు. కాని వారు గమనింపవలసినది మరియొకటి కలదు. అచటి గాయకులు వేడుక చూపి ధనమార్జింప వచ్చినవారుగా గాక భక్తులుగా దర్శన మిచ్చుచున్నారు. పాడువారును వినువారును ఒకే జాగరణలోనివారు. పాట అచట సేవ.

ఆ జనసమూహమును అచటికి జేర్చినదెవరు? గాయకులు కారు. మల్లికార్జునుని మహిమ మొదటి కారణము. రెండవ కారణము దారి. నల్లమల యడవిలో ఆత్మకూరునుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా సాగు నడకదారి ఎంత కఠినమో నడచినవారే యెరుగుదురు. 14వ శతాబ్ది పూర్వార్ధమున రెడ్డిరాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించెను. విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ 1393లో పాతాళగంగకు మెట్లు కట్టించెను. 1377లో అనవేమారెడ్డి వీరశిరోమండపమును నిర్మించెను. పిమ్మట హరిహరరాయలు ముఖమండపమును, కృష్ణదేవరాయలు రథవీథి మండపములను సమకూర్చిరి. ఒక గాయకుడు శివరాత్రినాడు వేలమంది నడుమ నిలిచి పాడెనన్నచో, ఆ వేలమంది వేమారెడ్డి మెట్లెక్కి వచ్చిరి, విఠలాంబ మెట్లు దిగి స్నానము చేసిరి, రాయల మండపములలో తలదాచుకొనిరి. పాట విన్నవారి సంఖ్య గొప్పదే. కాని ఆ సంఖ్య అంతయు పాటగాని సంపాదన కాదు.

మా విచారమున కిది మూలసూత్రము. వాచకుని యెదుట కూడిన జనమునకును, వాచకుడే కూడగట్టిన జనమునకును భేదము కలదు.

2. శాసనములు, మాటలు

కావ్యము పాటను గూర్చి చెప్పును. పాటగాని బ్రతుకుతెరువును గూర్చి చెప్పవలసినది శాసనము. శ్రీశైలమునకు తూర్పుద్వారమని పేరొందిన త్రిపురాంతకమునను, కడప సీమలోని పుష్పగిరియందును గోళకీమఠ శైవాచార్యుల ప్రభావము మెండు. ఆ పరంపరకు చెందిన విశ్వేశ్వర శివాచార్యునకు రుద్రమదేవి మందడ గ్రామమును దానమిచ్చిన విషయము 1261 నాటి మల్కాపురము శాసనమున కలదు. అందు మఠమును, ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను, సత్రమును నడపుటకు చేసిన ఏర్పాటు వివరముగా చెక్కబడినది. వేదశాస్త్రములు చెప్పు అధ్యాపకులు, వైద్యుడు, లెక్కలు వ్రాయు కాయస్థుడు, నర్తకులు, గాయకులు, మద్దెలవాండ్రు, వంటవారు, కావలివారు—అందరును ఆ యొక్క శాసనముననే కనబడుదురు. గాయకుని వృత్తి వైద్యుని వృత్తి ప్రక్కనే, అందరు చదువునట్లు, రాతిమీద నిలిచినది. ఎవరికేమి ముట్టునో రహస్యము లేదు.

ఇచట "వృత్తి" యను మాటను కొంత పరిశీలింపవలెను. నేడు మనము దానిని చేయు పని యను నర్థమున వాడుచున్నాము. శాసనములలో అది జీవనాధారము, ఆ జీవనమునకై విడిచిన భూమి యను నర్థములను కూడ ఇచ్చును. పని, ఫలము, భూమి—మూడును ఒకే మాటలో నిమిడినవి. వృత్తి ముఖ్యముగా స్థానమును అంటియుండును. గాయకుడు మారినను గాయకవృత్తి నిలుచును. శ్రీశైల మఠాధిపతులు రాజపూజితులయ్యును "భిక్షావృత్తి" యను బిరుదమునే ధరించుట ఈ సందర్భమున స్మరింపదగినది. పీఠము సంపద పీఠముదే గాని, పీఠమెక్కినవాని జీవనము భిక్షయే యని ఆ బిరుదము చెప్పకయే చెప్పుచున్నది.

"జీతము" మరియొక మాట. ఇది "జీవితము" అనుదాని తద్భవము. అనగా బ్రతుకుటకు చాలునది. పనివాడు తానును తన కుటుంబమును కుడిచి కట్టి నిలుచుట కిచ్చునది జీతము. అది చాలకున్నచో ఆ మాటకే అర్థము లేదు.

మూడవది "బహుమానము". పుష్కలమైన గౌరవమని దాని మొదటి యర్థము. "సంభావన" యన్నను గౌరవమే. "పారితోషికము" విన్నవానికి గలిగిన పరితోషమునుండి పుట్టినది. పురాణము ముగిసిననాడు పౌరాణికునికి కప్పు శాలువ, పళ్లెములో పెట్టు దక్షిణ ఈ కోవలోనివి. ఇవి స్థానమునకు గాక మనిషికి, అతని నేర్పునకు జెందును. అదే పీఠముమీద ఇద్దరు పౌరాణికులు కూర్చున్నను, ఒకనికి శాలువ దొరకును, ఒకనికి దొరకకపోవచ్చును.

ఈ విధముగా మన భాష మూడు వేరు వేరు బాధ్యతలకు మూడు వేరు వేరు మాటల నిచ్చినది. బ్రతుకుటకు జీతము, స్థానమునకు వృత్తి, నేర్పునకు బహుమానము. వాడుకలో ఇవి ఒకదానితో నొకటి కలియక పోలేదు. కాని భావము మూడు పాయలుగనే నడచినది.

3. కౌటిలీయము చెప్పు లెక్క

తెలుగుదేశము వెలుపలి గ్రంథమైనను అర్థశాస్త్రము ఈ విషయమున మనకొక కొలతబద్ద నిచ్చును. రాజోద్యోగుల వేతనములను వరుసగా చెప్పు అధ్యాయమున మంత్రి, పురోహితుడు, సేనాపతి మున్నగువారికి 48,000 పణములు విధింపబడినవి. పౌరాణికుడు, సూతుడు, మాగధుడు 1,000 పణముల వర్గములోనివారు. నటగాయకులగు కుశీలవులకు 250. వారిలో వాద్యములు చేయువారికి దానికి ఇనుమడి. అట్టడుగున పశువులను, మనుష్యులను కనిపెట్టియుండు పరిచారకులకు 60. అనగా పౌరాణికుడు అట్టడుగు సేవకునికంటె సుమారు పదునారురెట్లు అధికముగాను, సేనాపతిలో నలువదియెనిమిదవ వంతుగాను పొందుచున్నాడు. వాచకునికి రాజ్యము ఒక మధ్యస్థానమును నిర్ణయించినది.

ఇంతకంటె ముఖ్యమైనది మరియొక విధి. ఆచార్యులకును విద్యావంతులకును యోగ్యతను బట్టి "పూజావేతనము" ఇయ్యవలెనని చెప్పుచు, దానికి 500 పణములు తక్కువ హద్దుగాను, 1,000 పణములు ఎక్కువ హద్దుగాను ఆ గ్రంథము నిర్ణయించినది. పూజయు వేతనమును కలిసిన ఈ సమాసము మన బహుమానమునకు మిక్కిలి దగ్గరగా నున్నది. నేర్పునకు వేరుగా వెలకట్టవచ్చును. కాని ఆ వెలకు క్రిందను మీదను హద్దు లుండవలెనని ప్రాచీనుల యభిప్రాయము.

4. ఆకాశవాణి

ఇరువదవ శతాబ్దిలో వ్యాసపీఠము మైక్రోఫోనుగా మారినది. భారత ప్రభుత్వపు ప్రసారశాఖ 1936లో ఆల్ ఇండియా రేడియో యను పేరు దాల్చెను. 1938లో మద్రాసు కేంద్రము మొదలై తెలుగు మాటకు తావిచ్చినది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న వెలసినది. నిజాము రాజ్యపు దక్కన్ రేడియో 1950లో ఆల్ ఇండియా రేడియోలో లీనమయ్యెను. రాయలసీమకు కడప కేంద్రము 1963లో వచ్చినది. నల్లమలకు ఇరుదెసల నున్న పల్లెలలో పంచాయతీ రేడియో చుట్టును చేరినవారు, గుడి మండపమున పురాణమునకు చేరినవారికి వారసులే.

ఆ కాలపు రేడియో పలుకుబడి ఎంతటిదో తెలిసినవారికి, ఆ పలుకు పలికినవారి స్థితి ఆశ్చర్యము గొల్పును. అనౌన్సర్లు, వార్తలు చదువువారు, నాటకములలో పాత్రలు ధరించువారు, వాద్యకారులు పెక్కురు స్టాఫ్ ఆర్టిస్టులను పేర కాంట్రాక్టుమీద నియుక్తులైనవారు. వారికి ముట్టునది జీతము గాదు, "ఫీజు". ప్రభుత్వోద్యోగికి గల పింఛను మున్నగు రక్షణలు చిరకాలము వారికి లేవు. వారిని ప్రభుత్వోద్యోగులుగా గణించు ఏర్పాటు 1982లో వచ్చినది. స్టాఫ్ ఆర్టిస్టులు రాజ్యాంగరక్షణ గల పదవిలోనివారేయని సర్వోన్నత న్యాయస్థానము 1987లో తీర్పు చెప్పెను. దూరదర్శన్ స్టాఫ్ ఆర్టిస్టులు ఫిల్మ్స్ డివిజన్‌లో అదే పని చేయువారితో సమానవేతనమునకు అర్హులని 1988లో మరల తీర్పయ్యెను. పేరు ఫీజైనను కాకున్నను, పని యొక్కటియైనచో జీవన మొక్కటియే కావలెనని ఈ తీర్పుల సారము.

మూడు మాటల వెలుగున చూచినచో ఈ చరిత్ర స్పష్టమగును. ఆకాశవాణి గాయకులను పరీక్షించి "బి", "బి-హై", "ఏ", "టాప్" అను శ్రేణుల నేర్పరచి, నేర్పునకు తగిన పారితోషిక మిచ్చు పద్ధతిని పాటించెను. ఇది బహుమానము, మెచ్చదగినదే. కాని దినదినమును స్టూడియోలో కూర్చుండు వాచకునికి జీతమును స్థిరపరచుటకు దశాబ్దములు పట్టినది. నేటికిని నెలలో కొన్ని దినములు మాత్రమే పిలువబడు క్యాజువల్ అనౌన్సర్ల సమస్య తీరలేదు. పెద్ద వేతనముల న్యాయమును చర్చించువారు ఈ చిన్న ఫీజులను మరచుట తగదు. పై మెట్టున నిలిచినవానిని మాత్రమే చూచి క్రింది మెట్లను చూడనివాడు కొండ ఎత్తును కొలువలేడు.

ఇచట మా వాదమునకు ఎదురు నిలుచు సాక్ష్యమును కూడ చెప్పుట ధర్మము. 1970ల దశకమున విజయవాడ కేంద్రమునుండి ఉషశ్రీ రామాయణ భారతములను చెప్పుచుండగా, ధర్మసందేహములకు సమాధానము లిచ్చుచుండగా ఆంధ్రదేశము చెవి యొగ్గి వినెను. భద్రాచల కల్యాణమునకు ఆయన చేసిన వ్యాఖ్యానమును ముదుసలులు నేటికిని తలచుకొందురు. మైక్రోఫోను అదే, కేంద్రము అదే, కథ అందరెరిగినదే. అయినను అందరు వాచకులకును అట్టి శ్రోతలు లభింపలేదు. కనుక జనమునంతయు పీఠమే చేర్చునని చెప్పరాదు. కంఠమునకు, పాండిత్యమునకు, మాట విరుపునకు తమదైన భాగము కలదు. ఆ భాగమునకు బహుమానము ఋణమే గాని దయ కాదు.

5. విదేశమునందలి ఒక నిదర్శనము

ఈ భాగమును కొలుచుటెట్లు? ఇంగ్లండులో బి.బి.సి. సంస్థ చరిత్రలో దీనికి ఉపకరించు ఉదాహరణము కలదు. ఆ సంస్థ గృహస్థులు చెల్లించు లైసెన్సు రుసుముమీద నడచునది. 2017 జూలైలో అది 1,50,000 పౌన్లకు మించి పొందువారి పేర్లను మొదటిసారి ప్రకటించెను. వారిలో అగ్రగణ్యుడైన రేడియో వ్యాఖ్యాతకు ఏటికి ఇరువదిరెండు లక్షల పౌన్లకు పైగా ముట్టుచుండెను. ఆ యేటి లైసెన్సు రుసుము 147 పౌన్లు. అనగా సుమారు పదునైదువేల యిండ్లవారు చెల్లించినదంతయు ఒక్క వ్యాఖ్యాతకు చెల్లిపోయినదన్నమాట.

అంకెలకంటె ఎక్కువ చెప్పునది పిదప జరిగిన వ్యవహారము. ఆ పట్టికలో స్త్రీలు మూడవ వంతు మాత్రమే. చైనా విషయముల సంపాదకురాలైన క్యారీ గ్రేసీ, అట్టి పదవులలోని పురుషులతో తనకు సమత లేదని 2018 జనవరిలో ఆ పదవిని విడిచెను. ఆమె అడిగినది అధికధనము గాదు, సమత. సంస్థ క్షమాపణ చెప్పి బాకీ చెల్లింపగా ఆమె దానిని స్త్రీల సమానత్వమునకై పాటుపడు సంఘమునకు దానము చేసెను. 2020లో సమీరా అహ్మద్ అను వ్యాఖ్యాత్రి ఉద్యోగ న్యాయస్థానమున గెలిచెను. ప్రేక్షకుల అభిప్రాయములను చర్చించు ఒక కార్యక్రమమునకు ఆమెకు ఒక్కొక్క పర్యాయము 440 పౌన్లు; అట్టిదే మరియొక కార్యక్రమమునకు పురుష వ్యాఖ్యాతకు 3,000 పౌన్లు. రెండవదానికి కంటిలో కొంటె మెరుపు కావలెనని సంస్థ వాదింపగా, ఆ మెరుపు ఏ విధమైన నేర్పో తమకు బోధపడలేదని న్యాయస్థానము తేల్చెను.

బహుమానమని చెప్పినది నిజముగా బహుమానమేనా యని అడుగు పద్ధతి యిది. ఒకే స్థానమున ఇద్దరిని నిలిపి చూడవలెను. నేర్పులోని భేదమును మాటలలో చెప్పగలిగినచో అధికధనము న్యాయము. చెప్పజాలకున్నచో అది నేర్పునకు చెల్లినది గాదు; అలవాటునకో, పక్షపాతమునకో చెల్లినది. ఈ విచారణ సాధ్యమైనది వేతనములు బయటపడుటచేతనే. మల్కాపురమున 1261లో రాతిమీద చెక్కినదానిని లండన్ నగరమున 2017లో గాని కాగితముమీద అచ్చువేయలేదు.

6. ప్రజల సొత్తు

ప్రైవేటు ఛానళ్ల యజమానులు తమ ధనమును తమ యిష్టమువచ్చినట్లు ఇచ్చుకొందురు. దానిని అడుగుటకు మన మెవ్వర మను వాదము కలదు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. ప్రకటనలవలన వచ్చిన ఆదాయములో వ్యాఖ్యాత భాగము అడుగుట తప్పు గాదు. ఆ భాగము అతనికి జెందకున్నచో యజమానికి జెందును. శ్రోతకు మాత్రము జెందదు. కాని ఆకాశతరంగములు ప్రజల సొత్తని మన సర్వోన్నత న్యాయస్థానము 1995లో స్పష్టముగా చెప్పినది. ఆ తరంగములు వేమారెడ్డి మెట్లవంటివి. ఎవరు ఎక్కినను మెట్లు వారివి కావు. ప్రజల మెట్లమీదుగా వచ్చిన జనమును తన కంఠమహిమచేతనే వచ్చినదని వ్యాఖ్యాతగాని, యజమానిగాని లెక్క వ్రాసికొనుట సరి గాదు. ప్రసారభారతివంటి ప్రజాసంస్థ విషయమున ఈ ధర్మము ఇంకను గట్టిది.

శ్రీశైలముతో సంబంధముగల వీరశైవ సంప్రదాయమున కాయకమను భావము కలదు. శ్రమయే పూజ, శ్రమకు మించినది పూజ గాదు. అల్లమప్రభువును, అక్కమహాదేవియు శ్రీశైలమున కదళీవనమున ఐక్యమందిరని ఆ సంప్రదాయము విశ్వసించును. ఆ శరణులలోనే ఐదక్కి మారయ్య యొకడు. కల్యాణమున రాలిన బియ్యపుగింజలేరి జంగమార్చన చేయుట ఆయన కాయకము. ఒకనాడు అలవాటునకు మించిన బియ్యము తేగా, భార్య లక్కమ్మ అది మనది కాదని, ఎక్కువైనదానిని ఉన్నచోట పోసి రమ్మని పంపెనని కథ. ఈ కథను వేతనశాస్త్రముగా గ్రహింపుమని మేము చెప్పము. లక్కమ్మ బియ్యమును నిందింపలేదు, భర్త శ్రమను నిందింపలేదు. ఇందులో మనదెంత యని మాత్రమే యడిగెను. ఆ ప్రశ్నయే మా ప్రశ్న.

కనుక మా సిద్ధాంతమిది. ప్రసారవ్యాఖ్యాతకు గౌరవముగా బ్రతుకదగిన జీతము నిస్సంశయముగా చెల్లవలెను. పెద్ద పేరులేని క్యాజువల్ అనౌన్సరునకు ముందుగా చెల్లవలెను. స్థానమునకు జెందు వృత్తి స్థానముననే యుండవలెను. ఆ స్థానమున కూర్చున్నవారు స్త్రీయైనను పురుషుడైనను అది మారరాదు. అసాధారణమైన నేర్పునకు బహుమానము న్యాయమే. కాని అది హద్దు గలిగి, కారణము చెప్పగలిగి, నలుగురి యెదుట ఇచ్చునదిగా నుండవలెను. ఈ మూటిని ఒక్క మొత్తములో కలిపి, రహస్యపు కాగితముమీద సంతకము చేయించుటచేతనే నేటి భారీ వేతనములు అన్యాయములుగా కనబడుచున్నవి. వానిలో కొన్ని నిజముగా అన్యాయములే, కొన్ని కాకపోవచ్చును. బయట పెట్టిననేగాని ఏది యేదో తెలియదు.

మన శాసనములను చదువు పరిశోధక విద్యార్థులు రాజుల వంశావళులతో తృప్తిపడక, దేవాలయములయందలి గాయకులకు, పౌరాణికులకు, మద్దెలవాండ్రకు ఏర్పడిన వృత్తులను జిల్లాల వారీగా సంకలనము చేసినచో ఈ చర్చకు గట్టి పునాది ఏర్పడగలదు. కర్నూలు, కడప మండలముల శాసనములతో ఆ పని ప్రారంభించుట యుక్తమని మా మనవి.